కాటా కార్డులో గొంతు

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. పెళ్ళైన కొత్తలో అందరూ నన్ను అదృష్టవంతురాలివన్నారు. నేనూ నమ్మాను, ఇంట్లోకి పాత కంప్యూటర్లు రావడం మొదలయ్యేదాకా.

ప్రవీణ్ నరసరావుపేటలో ఒక బ్యాంకులో క్లర్కు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చకుండా స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. ముప్పయ్యేళ్ళ నాటి కంప్యూటర్ డబ్బా విప్పితే లోపల పచ్చటి పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటిని కార్డులంటారు. ఒక కార్డు తెరకు బొమ్మ పంపుతుంది, ఇంకొకటి ప్రింటర్ సంగతి చూసుకుంటుంది. కొన్నిటి మీద మాత్రం పేరూ ఊరూ ఏమీ ఉండవు. అలాంటిది దొరికిందంటే మా ఆయనకు అన్నం సహించదు. భూతద్దం పెట్టి చిప్పుల మీద అంకెలు చదివి, ఫోటోలు తీసి, ఇదే పిచ్చి ఉన్న దేశదేశాల వాళ్ళ గ్రూపులో పెట్టి, అది ఏ పనికి పుట్టిందో తేలేదాకా ఊరుకోడు. నేను బడిలో లెక్కలు చెప్తాను. తెలియని సంఖ్యను కనుక్కోవడంలో ఉండే సరదా నాకూ తెలుసు. కానీ తెలియని సంఖ్య మా బీరువాకు అడ్డంగా కూర్చోదు.

ఎదురింటి పాపమ్మ పిన్ని ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాకుండా అటునుంచటే పిడుగురాళ్ల వెళ్ళి, ఆటోలో అలాంటి డబ్బానే ఒకటి వేసుకొచ్చి మా గుమ్మంలో దింపించింది. దాని ఒళ్ళంతా తెల్లటి సున్నపు దుమ్ము.

"అల్లుడూ, ఇందులో మీ మావయ్య గొంతుంది. బయటికి తియ్యి," అంది.

నాకు పిన్ని కాబట్టి మా ఆయన ఆమెకు అల్లుడు. ఇళ్ళు ఎదురెదురుగా ఉండటం తప్ప మా మధ్య వేరే చుట్టరికం లేదు. మావయ్య అంటే ఆమె భర్త ఆనందరావు, నాకు బాబాయి. ఆయన పిడుగురాళ్లలో కోటేశ్వరరావు గారి సున్నపు బట్టీలో కాటా దగ్గర పనిచేసేవాడు. లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటా అది. లారీని ముందుకీ వెనక్కీ జరిపించి, సరిగ్గా నిలబెట్టించి, తూకం ఎంతో కేకేసి చెప్పడం ఆయన పని. ఆ కేక హైవే అవతల టీకొట్టు దాకా వినపడేదట.

రెండేళ్ళ కిందట గొంతులో కాన్సరని గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మనిషి ఉంటే అంతే చాలు, మాటదేముందని వీధిలో అందరం అన్నాం. అన్నవాళ్ళందరికీ మాట ఉంది.

ఇప్పుడు బాబాయి చప్పట్లతో మాట్లాడతాడు. ఒక చప్పట కొడితే ఔను, రెండు కొడితే కాదు. మెడకు ఆనించుకుని మాట్లాడే మర ఒకటి ఆస్పత్రి వాళ్ళు ఇచ్చారు. ఆయన మొదటిసారి దాన్ని ఆనించుకుని పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచేసరికి వీధికుక్క మొరగడం మొదలుపెట్టింది. ఆ మర ఆ రోజే అటకెక్కింది.

"ఇంతకు ముందు నేనొకటంటే ఆయన నాలుగనేవాడు. ఇప్పుడు అనేదీ నేనే, పడేదీ నేనే," అంది పిన్ని మా అరుగు మీద కూర్చుని.

"ఫోన్లో బాబాయి వీడియోలు లేవా పిన్నీ?"

"ఎందుకు లేవే, ఉండాయి. అన్నిట్లోనూ ఆ బొంగురు గొంతే. నాలుగేళ్ళు ఆ బొంగురుతోనే తిరిగాడుగా మనిషి. అది జబ్బు గొంతు, ఆయనది కాదు. అసలుది ఎట్టా ఉండేదో మొన్న వంటచేస్తా తలుచుకుందామంటే రాలా. ఎంత తలుచుకున్నా రాలా జాహ్నవీ. చానా భయమేసింది."

ఆమె చెప్పిన సంగతి ఇది. బట్టీకి కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు టేప్‌రికార్డర్ పట్టుకొచ్చి, బాబాయిని గదిలో కూర్చోబెట్టి ఏవేవో మాటలు పలికించాడు. ఆ తర్వాత కాటా మీదికి లారీ ఎక్కితే తూకం ఎంతో కంప్యూటరే మైకులో చెప్పేది, బాబాయి గొంతుతో. బట్టీ మూతపడి ఎన్నో ఏళ్ళయింది. డబ్బా మాత్రం కొట్టులో మూల ఉండిపోయింది. పిన్ని అడిగితే కోటేశ్వరరావు గారు సంతోషంగా ఇచ్చేశారు.

ప్రవీణ్ తల గోక్కున్నాడు. "అత్తా, ఆ రోజుల్లో కంప్యూటర్లు కీచుమనడం తప్ప మాట్లాడేవి కావు. పక్కన టేప్‌రికార్డర్ పెట్టి ఉంటారు."

"మీ మావయ్యనడిగితే ఆయన కూడా రెండు చప్పట్లు కొట్టాడులే," అంది పిన్ని.

అది లేదని చెప్పడమా, వద్దని చెప్పడమా అన్నది ఆమెకే తెలియాలి. నేను మాత్రం మా ఆయన వైపు చూశాను. ఊళ్ళో ఉన్న చెత్తనంతా విప్పి చూసిన మనిషికి ఈ ఒక్కటి విప్పడానికి ఏం నొప్పి అన్నట్టు చూశాను. ఆయనకు నా చూపులు బాగానే అర్థమవుతాయి.

డబ్బా విప్పితే లోపల అయిదు కార్డులు. నాలుగింటికి అక్కడికక్కడే పేర్లు పెట్టేశాడు. అయిదోదాని దగ్గర ఆగిపోయాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, అంకె లేదు. ఎవరో చేత్తో అతికి తయారుచేసినట్టుంది. వెనక వైపు ఇయర్‌ఫోన్ గుచ్చేంత కన్నం ఒకటి ఉంది. మధ్యలో నాలుగు పెద్ద చిప్పులు, ఒక్కో చిప్పు నడినెత్తిన ఒక్కో స్టిక్కర్ బొట్టు. ఆడవాళ్ళు పెట్టుకునే ఎర్రటి మఖమల్ బొట్టు.

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కోటేశ్వరరావు గారి భార్య పని ఇది. దసరాకి కాటాకీ, లారీలకీ, దీనికీ అన్నిటికీ పూజ చేసేది. ఒకేడు కుంకం లోపల పడి డబ్బా ఆగిపోయిందంట. ఇంజనీరు ఇంకోసారి పొడి చల్లితే ఊరుకోనన్నాడు. మరి బొట్టు లేకుండా పూజెట్టా? అందుకని స్టిక్కర్లు. ఆ చిప్పుల మీద గుండ్రంగా గాజుబిళ్ళలుంటయ్యి అల్లుడూ. వాటిని చూస్తే ఆమెకి నుదురు గుర్తొచ్చిందో ఏందో."

కార్డు ఫోటో గ్రూపులోకి ఎక్కింది. దొంగలొస్తే మోగే అలారం కార్డు అని ఒకరు, ఫ్యాక్టరీలో మోటార్లు తిప్పేదని ఇంకొకరు తేల్చారు. పోలండు నుంచి ఒక పెద్దమనిషి ఆ ఎర్ర చుక్కలు భారతదేశంలో నాణ్యత పరీక్ష చేసి వేసే ముద్రలా అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను రెండు రోజులు నవ్వాను.

సున్నపు దుమ్ము తీగల్ని తినేస్తుందని మా ఆయన ఆ కార్డును సబ్బునీళ్ళలో ముంచి పాత పళ్ళ బ్రష్‌తో తోమాడు. తోమడంలో ఒక బొట్టు ఊడింది. మిగతా మూడూ మొండిగా పట్టుకున్నాయి. తడి ఆరడానికి దాన్ని మేడ మీద పెట్టాడు. వెల్దుర్తి నుంచి మా అమ్మ పంపిన మిరపకాయలు అప్పటికే అక్కడ ఆరబోసి ఉన్నాయి, వాటి పక్కన జాగా చూసి పెట్టాడు. మా ఇంట్లో తడిసిన వస్తువు ఏదైనా చేరేది అక్కడికే.

మర్నాడే మాచర్ల ప్రయాణం. మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మేనమామ లేనిదే అక్కడ ఏ తంతూ కదలదు కాబట్టి, పెళ్ళి అయ్యాక వ్రతమనీ, వ్రతం అయ్యాక ఇంకొకటనీ వారం దాటిపోయింది. మేడ తాళం పిన్నికిచ్చి మిరపకాయలు చూస్తుండమని చెప్పి వెళ్ళాం.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండు నుంచి ఆటోలో వస్తూ ప్రవీణ్ ఫోన్ తీసి గ్రూపు చూశాడు. పోలండాయన ఫోటోను పెద్దది చేసి మళ్ళీ చూశాడట. ఆ గాజుబిళ్ళలున్న చిప్పుల్లో రాసింది ఎండ తగిలితే చెరిగిపోతుందట. అందుకే గాజు మీద ఏదో ఒక మూత అంటిస్తారట. దయచేసి చీకట్లో దాచమని రాశాడు. ఆ మాట రాసి అయిదు రోజులయింది.

పల్నాడు ఎండ సంగతి పోలండాయనకేం తెలుసు. మేం మెట్లు రెండేసి చొప్పున ఎక్కాం. మిరపకాయలు గలగలమంటూ బ్రహ్మాండంగా ఎండాయి. పక్కన కార్డు ముట్టుకుంటే చెయ్యి కాలింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు. ఆ రోజు మాత్రం నోరు రాలేదు. ఆయన మొహం అప్పటికే అంత పాలిపోయి ఉంది.

మా అలికిడి విని పిన్ని పైకొచ్చింది. "దాన్ని కూడా రోజూ తిరగేశా అల్లుడూ. మిరపకాయలకైనా దేనికైనా రెండు పక్కలా తగలాలి గందా," అంది సంబరంగా.

చెప్పకుండా ఉండే వీల్లేదు. ప్రవీణే చెప్పాడు, తప్పు తనదేనని మొదటే ఒప్పుకుని. పిన్ని పిట్టగోడ మీద చెయ్యి ఆనించుకుని నిలబడింది.

"అంటే చెరిగిపోయిందా?"

"చదివి చూస్తేగానీ తెలవదత్తా."

"నా చేత్తో నేనే తిప్పితిప్పి ఎండబెట్టాను కదే జాహ్నవీ."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. "నువ్వు రోజూ తిరగెయ్యబట్టి సగం రోజులు దాని మొహం కిందికుంది పిన్నీ. తిరగెయ్యకపోతే ఈ మహానుభావుడు పెట్టింది పెట్టినట్టు మాడిపోయేది," అన్నాను. అది ఓదార్పుకే అన్నాను గానీ, లెక్క ప్రకారం నిజమే.

ప్రవీణ్ దగ్గర చిప్పును గుచ్చితే లోపలున్నది లాప్‌టాప్‌లోకి దింపే పరికరం ఒకటుంది. ముగ్గురం కాళ్ళు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చున్నాం. ముందుగా బొట్టు ఊడిన చిప్పు గుచ్చాడు. తెర నిండా ఒకటే అక్షరం, వరసలు వరసలుగా. ఆయన పెదవి కొరుక్కున్నాడు. "ఇది ఖాళీ అయిపోయింది."

పిన్ని కొంగు వేలికి చుట్టుకుంటూ తెరవైపే చూస్తోంది.

రెండోది గుచ్చాడు, బొట్టు ఉన్నది. ఈసారి తెర మీద రకరకాల అక్షరాలు, అంకెలు, అర్థంపర్థం లేని గజిబిజి. మా ఆయన ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. గజిబిజి ఉందంటే సరుకు ఉన్నట్టేనట. మూడోదీ, నాలుగోదీ అలాగే ఉన్నాయి. కోటేశ్వరరావు గారి భార్య పేరు నాకు తెలియదు గానీ ఆమె కడుపు చల్లగా ఉండాలని మనసులో అనుకున్నాను.

ఆ గజిబిజిని శబ్దమనుకుని వినిపించమని లాప్‌టాప్‌కు చెప్పాడు. పిచ్చుకలు తగాదా పడుతున్నట్టు కిచకిచలు వచ్చాయి. ఏ వేగంతో వినిపించాలో చిప్పులో రాసి ఉండదట, మనమే పట్టుకోవాలట. కొంచెం నెమ్మది చేశాడు. ఎవరో చిన్నపిల్ల అంకెలు చదువుతున్నట్టుంది.

పిన్ని మొహం వాడిపోయింది. "ఇది ఆయన గొంతు కాదు."

"వేగం కుదరలేదత్తా. ఆగు. రెండు, మూడు, నాలుగు అని తెలుస్తుంది. వాటికి ముందున్న మాటే తేడాగా ఉంది. అది 'ఒకటి' కాదు. అంటే ఇవి తూకం అంకెలు కాకపోవచ్చు. షేర్ మార్కెట్ కార్డేమో. 'లాభం' అంటుంది."

నాకు ఒళ్ళు మండింది. గుంటూరులో పుట్టి పెరిగినవాడికి ఎవరు చెప్తారు? మా వెల్దుర్తిలో మా తాత కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మానికను ఏనాడూ ఒకటి అనలేదు. లాభం, రెండు, మూడు అని కొలిచేవాడు. కొలత మంచిమాటతో మొదలవ్వాలి.

నేనది చెప్పేలోపే పిన్ని లేచి నిలబడింది. "ఆయనే. ఆయనే ఇది. ఇంజనీరు 'ఒకటి' అనమని ఎంతసేపు మొత్తుకున్నా కాటా మీద నేను ఆ మాట అననన్నాడు. ఇద్దరూ పోట్లాడుకున్నారు. చివరికి ఆ అబ్బాయే విసుగొచ్చి సరేనన్నాడు. లాభం నాలుగు రెండు సున్న సున్న కిలోలు అని చెప్పేది మైకు. వేరే రాష్ట్రం డ్రైవర్లు దిగొచ్చి ఏందిది అనడిగేవాళ్ళు."

"అయితే వేగం మీరే చెప్పండత్తా," అన్నాడు ప్రవీణ్. మామూలుగా అత్తా నువ్వూ అనే మనిషి, ఆ క్షణంలో ఎందుకో మీరు అన్నాడు.

పిన్ని కళ్ళు మూసుకుంది. ఆయన వేగం ఒక్కో మెట్టే తగ్గిస్తూ పోయాడు. చిన్నపిల్ల గొంతు కుర్రాడి గొంతయింది.

"ఇంకా కిందికి."

కుర్రాడు మగాడయ్యాడు.

"ఇంకా. ఇంకొంచెం లావుగా ఉంటది." ఆమె వినేకొద్దీ తల ఒక పక్కకు వాలుతోంది. "దాటిపోయావు. పైకి. చానా కాదు, రవ్వంత."

"ఇదా?"

ఆమె కళ్ళు తెరిచింది. గదిలో ఒక మగ గొంతు, కంచులా, తొందర లేకుండా, లాభం అంటోంది, రెండు అంటోంది, మూడు అంటోంది. మర్చిపోయానని భయపడిన మనిషి ముప్పయ్యేళ్ళ నాటి గొంతును వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకుంది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని గోడకానుకుంది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఈ మధ్య అలా వేసిన గుర్తు లేదు.

గుమ్మం దగ్గర చప్పట వినిపించింది. పెళ్ళాం ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చిన ఆనందరావు బాబాయి చెప్పులు విడవకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. రెండో చప్పట కోసం ముగ్గురం చూశాం. ఆయన కొట్టలేదు. చేతులు అలాగే కలిపి పట్టుకుని వింటూ ఉన్నాడు.

మూడు చిప్పుల్లో ఏముందో ఆ సాయంత్రమే తేలిపోయింది. సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు. ముందుకు. వెనక్కి. ఆగు. లారీ సరిగ్గా నిలబడ్డాక చెప్పే 'చాలు'. ఎండకు పోయిన చిప్పులో ఏముందని ప్రవీణ్ అడిగితే బాబాయి మొదట తూకం చూపిస్తున్నట్టు అరచేతులు ఆడించాడు. అది కిలోలు. తర్వాత చెయ్యి ఊపి గేటు వైపు చూపించాడు. తూకం అయిపోయిన లారీకి చెప్పే మాట, ఇక పోవచ్చు.

"పోతే పోయిందిలే ఆ మాట," అంది పిన్ని. "ఇంట్లో దాంతో పనేముంది?"

మా ఆయన ఆ తర్వాత రెండు రోజులూ బ్యాంకు నుంచి రాగానే వేరే పని ముట్టుకోలేదు. మాటలన్నీ విడదీసి, గరగరలు తీసేసి, బాబాయి ఫోన్లో పెద్ద పెద్ద గళ్ళు చేసిపెట్టాడు. గడి నొక్కితే మాట వస్తుంది. బాబాయి మొదట ముట్టుకోనన్నాడు. రెండు చప్పట్లు కొట్టి ఫోన్ బోర్లించాడు. మర్నాడు పొద్దున పాలవాడు గేటు దగ్గర కొత్త బండి తిప్పుకోలేక తంటాలు పడుతుంటే అరుగు మీద నుంచి "వెనక్కి. వెనక్కి. ఆగు" అని వినిపించింది. వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి కుక్క మొరగలేదు.

ఆ ఆదివారం పిన్ని మమ్మల్ని భోజనానికి పిలిచింది. గోంగూర, కోడికూర వండింది. బాబాయి విస్తరి ముందు కూర్చుని పక్కనే ఫోన్ పెట్టుకున్నాడు. వడ్డిస్తున్నంతసేపూ పిన్ని ఆయన్ని ఏదో ఒకటి అంటూనే ఉంది, చర్చికి ఆ నలిగిన చొక్కా ఏందని, మందులు ఎవరు వేసుకుంటారని. ఆయన తాపీగా "ఆగు" నొక్కాడు. మేం పొలమారి నవ్వాం. పిన్ని మూతి తిప్పుకుని హస్తం గరిటెతో ఆయన విస్తట్లో అన్నం వేసింది. ఇంకో హస్తం వేసింది.

"చాలు," అంది ఫోను.

పిన్ని చెయ్యి గాల్లో ఆగిపోయింది. పెళ్ళైన నాటి నుంచి రోజూ రెండు పూటలా విన్న మాట అది. ఆమె కళ్ళు నిండాయి. ఆయన వైపు చూడకుండా వంగి, మళ్ళీ వినడం కోసం ఇంకో హస్తం అన్నం వేసింది.